అడయారు తీరమున కృష్ణమూర్తి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పుట్టి పెరిగినవారికి సముద్రము మిక్కిలి దూరము. మనకు కృష్ణ కలదు, తుంగభద్ర కలదు. జూరాలవద్దనో సోమశిలవద్దనో నిలిచి చూచినచో నీటి విస్తారము కొంత తెలియును. ఆ నీరే శ్రీశైలము, నాగార్జునసాగరము, విజయవాడ దాటి హంసలదీవివద్ద బంగాళాఖాతములో కలియును. అయినను నది వేరు, సముద్రము వేరు. నదికి ఆవలి గట్టు కలదు.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున ఒకమారు పిల్లలను విహారయాత్రకై చెన్నపట్టణము తీసికొనిపోతిని. దారి పొడవునను బస్సులో పాటలు పాడి అల్లరి చేసిన పిల్లలు సముద్రపుటొడ్డున దిగగానే ఒక్కసారిగా మౌనము వహించిరి. వారిలో తల్లిని పోగొట్టుకొన్న బాలుడొకడు తక్కినవారికి ఎడముగా పోయి, తడి యిసుకపై కూర్చుండి, తిరుగు ప్రయాణమునకు పిలుచువరకు లేవలేదు. నేను వాని నేమియు అడుగలేదు. ఆ దినమున నాకు జ్ఞప్తికి వచ్చినది జిడ్డు కృష్ణమూర్తి బాల్యము. ఆయనయు తల్లిలేని తెలుగు బాలుడు. ఆయన జీవితము మలుపు తిరిగినదియు సముద్రపుటొడ్డుననే.

కృష్ణమూర్తి 1895వ సంవత్సరము మే నెలలో మదనపల్లెలో జన్మించెను. తండ్రి నారాయణయ్య రెవెన్యూశాఖలో ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. దేవకీదేవికి అష్టమ గర్భమున శ్రీకృష్ణుడు జన్మించినట్లు తమకు ఎనిమిదవ సంతానముగా కలిగిన శిశువునకు ఆ దంపతులు కృష్ణమూర్తి యని పేరిడిరి. మూడేండ్లకు, 1898లో, నిత్యానందుడు పుట్టెను. ఇంటిలో వానిని నిత్య యని పిలుచుచుండిరి. తండ్రికి బదిలీలగుచుండుటచే కుటుంబము కడప, కదిరి మొదలగు ఊళ్ళలో నివసింపవలసి వచ్చెను. ఆ దినములలో కడపలో మలేరియా మిక్కుటము. పసితనముననే కృష్ణమూర్తిని ఆ జ్వరము పట్టి ప్రాణముమీదికి తెచ్చెను. పిమ్మటను ఏండ్ల తరబడి విడువలేదు. అందుచే చదువునకు మాటిమాటికి ఆటంకము కలుగుచుండెను.

చదువులో చురుకు లేకున్నను ఆ బాలునియందు రెండు గుణములు కన్పట్టుచుండెను. మొదటిది, తనదన్న దానిని దాచుకొనలేకపోవుట. వాకిట యాచకులు నిలిచినపుడు తల్లి వానిచేతికి బియ్యమిచ్చి పంచిపెట్టుమని పంపెడిది. వాడు మొదటివాని జోలెలోనే అంతయు కుమ్మరించి మరల బియ్యమునకై లోనికి వచ్చెడివాడు. బడిలో తన పలకను, పెన్సిలును లేని పిల్లలకిచ్చి వట్టిచేతులతో ఇల్లు చేరెడివాడు. రెండవది, చూచిన దానిని చూచుచు అట్లే నిలిచిపోవుట. చీమలను, మేఘములను, నీటిని చూచుచు ఎంతసేపైనను నిలువగలడు. ఒకమారు ఇంటి గడియారమును విప్పదీసి, దాని చక్రములన్నియు మరల కూర్చి నడిపించునంతవరకు బడికి పోనని పట్టుపట్టి కూర్చుండెనట. ఉపాధ్యాయులు ఇట్టి పిల్లలను మందబుద్ధులని తలచుట కద్దు. ఏండ్ల తరబడి తరగతిగదిలో గడిపినవాడను కనుక ఆ తప్పు నేనును చేసియుందును.

1905వ సంవత్సరము డిసెంబరు నెలలో కడపలో సంజీవమ్మ మరణించెను. కృష్ణమూర్తికి అప్పుడు పదేండ్లు. తల్లి పోయిన తరువాత ఇంటిలో దిక్కు తెలియలేదు. నారాయణయ్య ఉద్యోగ విరమణ చేసి, వచ్చు పింఛను కుటుంబ పోషణకు చాలక, దివ్యజ్ఞాన సమాజమున పని యిప్పింపుమని అనిబిసెంటును వేడుకొనెను. తుదకు 1909 జనవరిలో పిల్లలను వెంటబెట్టుకొని మద్రాసు దాపుననున్న అడయారు చేరెను. సమాజపు ఆవరణకు వెలుపల ఒక చిన్న పాత యింటిలో వారు కాపురముండిరి. మేనత్త వచ్చి వంట చేసిపెట్టుచుండెను. బాలురు దినమును మూడు మైళ్ళు నడచి మైలాపూరులోని బడికి పోవుచుండిరి. అచ్చట కృష్ణమూర్తికి దెబ్బలు తప్పిన దినము అరుదు.

అడయారు నది సముద్రములో కలియుచోట విశాలమైన ఇసుక మైదానము కలదు. ఒకవైపు నదీముఖము, మరియొకవైపు బంగాళాఖాతము. సాయంకాలములందు అన్నదమ్ములు అక్కడికి పోయి నీటిలో ఆడుకొనెడివారు. బక్కచిక్కిన దేహము, మలేరియాచే వెలవెలబోయిన మొగము, ముందుభాగమున గొరిగిన తల, వెనుక పొడవైన పిలక. చూచువారెవరును రెండవమారు చూడదగిన రూపము కాదు. 1909వ సంవత్సరపు వేసవి ఆరంభమున దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడు లెడ్‌బీటరు సముద్రస్నానమునకు వచ్చి ఆ బాలుని చూచెను. స్వార్థమన్నది లేశమైనను లేని ఆత్మతేజము వానియందు కనబడినదని ఆయన తన సహచరులతో చెప్పెను. త్వరలో లోకమునకు ఒక జగద్గురువు రానున్నాడనియు, ఆయన అవతరించుటకు తగిన దేహమును వెదకి పెంపవలెననియు సమాజమువారు అప్పుడు విశ్వసించుచుండిరి. ఆ దేహము ఈ బాలునిదే యని నిర్ణయించిరి.

ఆ దినమునుండి కృష్ణమూర్తి జీవితము ఆయన చేతిలో లేదు. బడి మాన్పించిరి, ఆంగ్లము నేర్పిరి, ఈత, సైకిలు సవారి నేర్పిరి, ఉడుపులు మార్చిరి, పిలక తీసివేసిరి. బాలుడు ఒక్క విషయమున మాత్రము పట్టు విడువలేదు. నిత్య లేనిచోట తానుండనని భీష్మించెను. అందుచే తమ్ముని కూడ చేరదీయక తప్పినది కాదు. 1911లో అనిబిసెంటు అన్నదమ్ముల నిద్దరిని ఇంగ్లండునకు తీసికొనిపోయెను. పిమ్మట నారాయణయ్య తన బిడ్డలను తనకు ఇప్పింపుమని న్యాయస్థానమున దావా వేసెను. మద్రాసు హైకోర్టు ఆయన పక్షముననే తీర్పు చెప్పెను గాని, 1914లో లండనులోని ప్రివీ కౌన్సిలు దానిని తలక్రిందు చేసెను. పెద్దల కథ చెప్పునపుడు ఈ తండ్రిని మరచుట సామాన్యము. తల్లిలేని బిడ్డలను కళ్ళయెదుటనే పోగొట్టుకొన్న ఆ వృద్ధుని బాధ చిన్నది కాదని నా అభిప్రాయము.

పరదేశమున బాలురకు తెలుగు మాటలాడువారు తమలో తాము తప్ప వేరెవరును లేరు. వారితో అందరును ఆంగ్లముననే సంభాషించిరి. కొలదికాలమునకు వారిలో వారును ఆంగ్లముననే మాటలాడుకొనసాగిరి. సంజీవమ్మ జోలపాడిన భాష, వాకిట యాచకుని పలుకరించిన భాష, ఒక్కొక్క మాటయే జారిపోయి, కొన్ని యేండ్లకు కృష్ణమూర్తి నోట తెలుగు పలుకుట నిలిచిపోయెను. భాషను పోగొట్టుకొనుట ఒక దినమున జరుగు పని కాదు కనుక పోయినట్లు ఎవరికిని తెలియదు.

1913వ సంవత్సరము వేసవి సెలవులకు అన్నదమ్ములను ఫ్రాన్సు దేశమున నార్మండీ తీరములోని వారాంజెవిల్ అను గ్రామమునకు తీసికొనిపోయిరి. నూతన ఢిల్లీ నగర నిర్మాణశిల్పి లుట్యెన్సు భార్య ఎమిలీయు తన పిల్లలతో అచ్చటికి వచ్చెను. ఆ యిల్లాలు కృష్ణమూర్తిని కన్నబిడ్డవలె ప్రేమించెను. ఎత్తైన సుద్దరాతి కొండచరియలు, వానిపై పచ్చికబయళ్ళు, క్రింద చల్లని సముద్రము. మన తూర్పు తీరమునకును దానికిని పోలికయే లేదు. అయినను కడలి ఘోష ఎక్కడనైనను ఒక్కటే. ఎనిమిదేండ్లుగా లోపల అణగియున్నది ఆ సెలవులలో పైకి వచ్చెను. పదునెనిమిదేండ్ల కృష్ణమూర్తి ఒక పుస్తకము తీసికొని తన జీవితకథ వ్రాయ మొదలిడెను. దానికి ఏబది సంవత్సరముల నా జీవితము అను అర్థము వచ్చు పేరు పెట్టెను! ఏటేటను కొంత వ్రాసి ఏబదేండ్లకు ముగింపవలెనని ఆ యువకుని సంకల్పము. పూర్తియైనది బాల్యకథ మాత్రమే.

ఆ కొలది పుటలలో అధికభాగము తల్లినిగూర్చినదే. తన బాల్యములోని సుఖమైన జ్ఞాపకములన్నియు అమ్మచుట్టునే అల్లుకొని యున్నవని ఆయన వ్రాసికొనెను. ఆమె మరణించిన పిమ్మటను ఇంటిలో మేడమెట్లు ఎక్కిపోవుచున్నట్లు కనబడుటయు, తాను వెనువెంట పోయి చీర కుచ్చెళ్ళు పట్టుకొనబోగా పై మెట్టువద్ద మాయమగుటయు అందున్నవి. బడికి పోవు దారిలో వెనుకనుండి గాజుల చప్పుడు వినబడెడిదట. మొదట భయపడి వెనుదిరిగి చూచెడివాడట. పోనుపోను అది అలవాటైనదట. ఇది నిజముగా కనబడినదా, తల్లికై తపించిన పసిమనస్సు కల్పించుకొన్నదా యని వాదింప నేను పూనుకొనను. కడప వీధులలోని గాజుల చప్పుడు నార్మండీ సముద్రపుటొడ్డున ఒక యువకుని చెవికి మరల వినబడినది, అంతవరకు నిశ్చయము.

ఆ తరువాతి సంవత్సరములు వేగముగా చెప్పవచ్చును. కృష్ణమూర్తి లండను విశ్వవిద్యాలయపు ప్రవేశ పరీక్షలకు మాటిమాటికి కూర్చుండి తప్పెను. నిత్య పరీక్షలలో నెగ్గి న్యాయవాద విద్య ముగించెను. ఈలోగా జగద్గురువు రాకకై స్థాపితమైన నక్షత్రసంఘము దేశదేశముల వ్యాపించెను. దానికి అధిపతి కృష్ణమూర్తియే. వేలకొలది జనులు ఆయన యెదుట మోకరిల్లుచుండిరి. వారి నడుమ ఆయనను మామూలు మనుష్యునిగా చూచి, ఎగతాళి చేసి, నవ్వింపగలవాడు నిత్య యొక్కడే.

1921లో నిత్యకు క్షయరోగమని తేలెను. అప్పటికి ఆ రోగమునకు మందు లేదు. పొడిగాలి గల చోట విశ్రాంతిగా నుండుటయే వైద్యము. 1922లో అన్నదమ్ములు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు పోయి, ఓహాయి అను కొండలోయలో ఒక చిన్న యింటిలో దిగిరి. నారింజతోటలు, ఎండ, నిశ్శబ్దము. నిత్యకు కొంత నెమ్మదించెను. కాని రోగము లోలోపల తన పని మానలేదు. 1925వ సంవత్సరము చివర అడయారులో దివ్యజ్ఞాన సమాజపు స్వర్ణోత్సవములు రాగా కృష్ణమూర్తి వెళ్ళక తప్పలేదు. నిత్య ప్రాణమునకు భయము లేదని, లోకకల్యాణమునకు ఆతని జీవితము అవసరము కనుక మహాత్ములు కాపాడుదురని పెద్దలు చెప్పిరి. కృష్ణమూర్తి ఆ మాట నమ్మి ఓడ ఎక్కెను.

నవంబరు 13వ తేదీ. ఓడ సూయజు కాలువలో ప్రవేశించుచుండెను. ఆ రాత్రి ఉరుములు మెరుపులతో గాలివాన. తంతి వార్త వచ్చెను. నిత్య ఓహాయిలో మరణించెను. వయస్సు 27 సంవత్సరములు.

అనిబిసెంటు స్వయముగా కృష్ణమూర్తి గదికి పోయి ఆ వార్త తెలిపెను. ఆయన కుప్పకూలెను. ఓడలో ఆయనతో ఒకే గదిలో ప్రయాణించినవాడు బి. శివరావు, ఆ తరువాతి కాలమున పత్రికా రచయితగాను పార్లమెంటు సభ్యునిగాను పేరొందినవాడు. ఆ రాత్రులు ఎట్లు గడచినవో ఆయన చెప్పుటచేతనే మనకు తెలిసినది. పగలు కృష్ణమూర్తి ఎవరితోడను మాటలాడక సముద్రమును చూచుచు కూర్చుండెడివాడు. రాత్రి నిద్రలో మూలుగుచు, వెక్కి వెక్కి యేడ్చుచు, నిత్యను పిలిచెడివాడు. ఆ పిలుపు ఒక్కొక్కమారు తెలుగులో నుండెడిది. మేల్కొనియున్నపుడు ఆయనకు ఒక్క వాక్యమైనను రాని తెలుగు!

బాలబాలికలారా, ఈ చోట ఒక్క క్షణము ఆగవలెను. పదునాలుగేండ్లు దొరలవలె పెరిగి, ఫ్రెంచి నేర్చి, లండనులో దుస్తులు కుట్టించుకొని తిరిగిన మనుష్యుడు. తల్లిభాష పోయినదని తానును అనుకొన్నవాడు. నడిసముద్రమున, చీకటిలో, గుండె పగిలిన వేళ ఆ భాషయే ఆయన నోట వచ్చెను. అది ఎచ్చటికిని పోలేదు. తల్లితో, తమ్మునితో కలిసి లోపలనే దాగియుండెను.

ఓడ కొలంబో చేరుసరికి ఆయన ముఖమున ప్రశాంతత కనబడినదని తోడి ప్రయాణికులు ఆశ్చర్యపడిరి. దుఃఖము నుండి తప్పించుకొనుటకై ఆయన ఏ నమ్మకమును ఆశ్రయింపలేదు. పరలోకమున నిత్య క్షేమముగా నున్నాడని ఓదార్చినవారి మాట వినలేదు. దుఃఖమును దుఃఖముగానే చూచుచు, దానితో కూర్చుండి, అది ఆరిపోవువరకు కదలలేదు. బాల్యమున చీమలను, నీటిని చూచిన చూపే అది యని నాకు తోచును. మహాత్ములు కాపాడుదురన్న మాటపై నమ్మకము మాత్రము ఆ సముద్రములోనే మునిగిపోయెను.

దాని ఫలితము నాలుగేండ్లకు లోకమునకు వెల్లడియయ్యెను. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండు దేశమున ఓమెన్ అనుచోట, సుమారు 3000 మంది సభ్యుల యెదుట, అనిబిసెంటు వినుచుండగా, కృష్ణమూర్తి నక్షత్రసంఘమును రద్దు చేసెను. సత్యమునకు మతములు, గురువులు, సంఘములు దారి చూపలేవనియు, తనకు శిష్యులు వలదనియు ప్రకటించెను. కానుకలుగా వచ్చిన కోటను, భూములను ఇచ్చినవారికి తిరిగి యిచ్చివేసెను. జోలెలో బియ్యమంతయు కుమ్మరించిన బాలుడే ఈయన. సింహాసనము నెక్కినవారి కథలు చరిత్రలో అనేకములు. ఎక్కించిన సింహాసనమునుండి తానై దిగినవారు కొద్దిమంది.

1933లో అనిబిసెంటు మరణించెను. పిమ్మట కృష్ణమూర్తి అడయారులోని సమాజపు ఆవరణలో కాలిడలేదు. మద్రాసు వచ్చినపుడెల్ల నదికి ఈవలి గట్టుననున్న వసంతవిహారములో బస చేసెడివాడు. నది ఆవల చెట్ల వెనుక తాను పెరిగిన తీరము. మధ్య దూరము అరగంట నడకయైన లేదు. ఆ అరగంట నడువుటకు ఆయనకు 47 సంవత్సరములు పట్టెను.

ఆ కాలమంతయు ఆయన దేశదేశములు తిరుగుచు జనులతో సంభాషించెను. మదనపల్లె సమీపముననున్న ఋషివ్యాలీ విద్యాలయము ఆయన తలపునుండి పుట్టినదే. వనపర్తి సంస్థానాధీశుని భార్య శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాదున స్థాపించిన విద్యారణ్య పాఠశాలకును ఆయన విద్యాదర్శములే ప్రేరణ. బెత్తము లేని బడి, పోటీ లేని చదువు ఆయన కోరిక. మైలాపూరులో దెబ్బలు తినిన పిల్లవాడు దానిని కోరుటలో వింత లేదు.

మనుష్యులకంటె చెట్లతోడను మృగములతోడను ఆయనకు చనువు మెండు. ఒంటరిగా తిరుగుచు పిల్లలతోనున్న ఎలుగుబంటికి ఎదురుపడియు భయపడలేదు. ఒకమారు కిటికీవద్దకు వచ్చిన కోతి చేయి చాపగా, ఆయనయు చేయి చాచి పట్టుకొనెను. ఇరువురును కొంతసేపు అట్లే యుండిరి. ఇంగ్లండులో 1969లో బ్రాక్‌వుడ్ పార్కు విద్యాలయము ఏర్పడిన తరువాత, ఆయన అచ్చట నున్నపుడు ప్రతిదినము మధ్యాహ్నము పొలములకు అడ్డముగా దీర్ఘముగా నడిచెడివాడు. విద్యాలయపు ప్రథమాధ్యక్షురాలు డొరొతీ సిమన్సునకు ఒక కుక్క యుండెడిది. దాని పేరు విస్పర్, అనగా గుసగుస. ఆ నడకలలో అదియు తోడు. కుక్కకు జగద్గురువులతో పని లేదు. తన వెంట నడచుచున్నవాడు ఒకప్పుడు వేలమందిచే మ్రొక్కించుకొన్నవాడని దానికి తెలియదు. తెలిసినను దానికి లెక్కలేదు. నడచినంతసేపు నడచును, అంతే. కృష్ణమూర్తి జీవితమంతయు కోరినది ఇట్టి సాంగత్యమే కాబోలు.

మహాప్రస్థానమున తమ్ములందరును రాలిపోయిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. కృష్ణమూర్తి పురాణపురుషుడు కాడు. ఆయన నడచినది స్వర్గమునకును కాదు, ఇంగ్లీషు పొలముల మీదుగా. అయినను తమ్ముని పోగొట్టుకొన్న వృద్ధుడు కుక్కతో నడచిపోవుచున్న దృశ్యము తలచినపుడు తెలుగు చదివినవానికి ఆ పర్వము మనస్సున మెదలక మానదు.

విశ్రాంతి కోరినపుడు కాలిఫోర్నియాలో మాలిబు అను ఊరిలో, పసిఫిక్ మహాసముద్రమునకు ఎదురుగా కొండకొమ్మునగల మేరీ జింబలిస్టు యింటిలో కొంతకాలము గడిపెడివాడు. ఆమెయు భర్తను పోగొట్టుకొన్న స్త్రీ. 1973లో బ్రాక్‌వుడ్‌లో నున్నపుడు ఆయన హఠాత్తుగా ఒక దినచర్య వ్రాయ మొదలిడి, 1975లో మాలిబులోను ఓహాయిలోను కొనసాగించెను. పదునెనిమిదవ యేట సముద్రపుటొడ్డున ఆరంభించి విడిచిన పని, ఎనుబదేండ్లు సమీపింపగా మరియొక సముద్రపుటొడ్డున మరల చేపట్టినట్లయ్యెను. కాని రెంటికిని ఎంత భేదము! తొలి పుస్తకములో తల్లికై చేయి చాపిన కొడుకు కలడు. ఈ పుస్తకములో నేను అను మాటకే తావు లేదు; తన్నుగూర్చి చెప్పవలసినపుడు అతడు అని వ్రాసికొనెను. అలలు, పక్షులు, సాయంకాలపు వెలుగు, వాని నడుమ నీటిని చూచుచు నిలిచియున్న ఒకానొక బాలుడు. తనకు గడచిన కాలము అంతగా జ్ఞాపకము లేదని ఆయన తరచు చెప్పెడివాడు. అది మరపు కాదనియు, జ్ఞాపకము వచ్చినపుడు దానిని రానిచ్చి పోనిచ్చుట అనియు నేను తలచుచున్నాను. సూయజు రాత్రుల సంగతి తెలిసినవారు ఆయనకు మరపు అంత సులభముగా వచ్చెననుకొనరు.

1980లో రాధా బర్నియరు దివ్యజ్ఞాన సమాజమునకు అధ్యక్షురాలయ్యెను. ఆమె పాత కలహములను పాటింపక కృష్ణమూర్తిని ఆహ్వానించెను. ఆ సంవత్సరము నవంబరులో ఆయన సమాజపు ద్వారము దాటి లోనికి వచ్చెను. చెట్ల నీడల క్రిందుగా నడచి, తిన్నగా సముద్రపుటొడ్డునకు పోయెను. లెడ్‌బీటరు ఆయనను చూచి అప్పటికి 71 సంవత్సరములు. ఆ దినమున ఉన్నవారిలో మిగిలినది తానొక్కడు, సముద్రము ఒక్కటి.

అటుపిమ్మట మద్రాసులో నున్నపుడు సాయంకాలములందు ఆ తీరముననే నడక. ధోవతి, లాల్చీ ధరించి, నెరసిన జుట్టు గాలికి ఎగురుచుండ, ఎనుబదియైదేండ్లు దాటినవాడు కుఱ్ఱవారు అందుకొనలేని వేగముతో పోవుచుండెడివాడు. దారిలో బెస్తవారి పిల్లలు, ఆరవేసిన వలలు, నీటి అంచున పరుగెత్తు పీతలు. ఆయన వెంట నడచువారు తత్త్వప్రసంగము ఆశించినచో నిరాశయే. నడచునప్పుడు ఆయన సాధారణముగా మౌనము.

1986 జనవరి 4వ తేదీన మద్రాసులో చివరి ఉపన్యాసము చేసెను. అప్పటికే దేహము క్షీణించి, జ్వరము విడువక వచ్చుచుండెను. జనవరి 10వ తేదీ సాయంకాలము అడయారు తీరమున చివరిసారి నడిచెను. ఆ రాత్రియే విమానమెక్కి ఓహాయి పోయెను. వైద్యులు క్లోమగ్రంథిలో రాచపుండు పుట్టినదని, అది మానునది కాదని తేల్చిరి. ఫిబ్రవరి 17వ తేదీన, నిత్యతో కలిసి 1922లో మొదట దిగిన ఆ చిన్న యింటిలోనే, కృష్ణమూర్తి కన్ను మూసెను. వయస్సు 90 సంవత్సరములు.

తన దేహమునకు కర్మకాండ వలదని, తన పేర స్మారకము నిలుపవలదని ఆయన ముందే చెప్పియుండెను. భస్మమును భాగములు చేసి ఓహాయికి, ఇంగ్లండునకు, భారతదేశమునకు పంచిరి. మన దేశమునకు వచ్చిన భాగములో కొంత గంగలో కలిపిరి. కొంత అడయారునకు తెచ్చి, నది సముద్రముతో కలియు ఆ తీరమునుండి కడలిలో విడిచిరి.